చార్లెస్ బాబేజి

పని చేయువారు లోకమున అనేకులు గలరు. పని యెట్లు జరుగుచున్నదో నిలిచి చూచువారు కొందఱే. చూచినదానిని ఇతరులు గ్రహించు రీతిగా కాగితముపై వ్రాసి చూపగలవారు మఱియు నరుదు. చార్లెస్ బాబేజి యట్టివాడు. అతని పేరు విన్నంతనే పండ్లచక్రములతో గూడిన గొప్ప గణనయంత్రము లోకులకు స్ఫురించును. కాని ఆ యంత్రమునకు ముందు ఒక అలవాటు గలదు. గుండుసూదులు చేయు పనివారి నడుమను, బ్యాంకి గుమాస్తాల గదిలోను నిలిచి, వారి పనిని మెట్టు మెట్టుగా విడదీసి చూచుటయే ఆ యలవాటు.

బాబేజి 1791 వ సంవత్సరము డిసెంబరు 26 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బెంజమిన్ బాబేజి బ్యాంకి వ్యాపారమున ధనము గడించినవాడు. బాలుడు తఱచుగా జబ్బు పడుచుండుటచే తలిదండ్రులు అతనిని ఎక్సిటర్ పట్టణ సమీపమున నొక మతాచార్యుని కడ నుంచి, చదువు విషయమున ఎక్కువ శ్రమ పెట్టవలదని కోరిరి. శ్రమ పెట్టకున్నను బాలుని బుద్ధి ఊరకుండలేదు. క్రొత్త ఆటవస్తువు చేతికి వచ్చినంతనే దానిలోపల నేమున్నదని తల్లిని అడుగును. ఆమె చెప్పినది చాలనిచో దానిని విఱుగగొట్టి చూచును. ఒకనాడు తల్లి అతనిని మెర్లిన్ అను శిల్పి యంత్రప్రదర్శనమునకు తీసికొనిపోయెను. పిల్లవాని యాసక్తిని గమనించి ఆ శిల్పి వారిని మేడపైనున్న పనిగదికి కొనిపోయి వెండితో చేసిన నర్తకీప్రతిమ నొకదానిని చూపెను. ఆ బొమ్మ వ్రేలిపై నొక పక్షిని ధరించి సజీవ స్త్రీవలె నాట్యమాడుచుండెను. పెక్కేండ్లు గడచిన తరువాత ఆ బొమ్మ వేలమునకు రాగా, బాబేజి 35 పౌనులిచ్చి కొని, బాగుచేసి, తన యింటి చావడిలో నిలిపెను.

ఎన్‌ఫీల్డ్ పాఠశాలలో నుండగా పగటి చదువు చాలక, ఒక సహపాఠితో గూడి తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, నిప్పు రాజేసికొని బీజగణితము చదువుచుండెడివాడు. ఈ రహస్యము తక్కిన బాలురకు తెలిసి వారును వచ్చి చేరిరి. చదువు క్రమముగా ఆటయయ్యెను. తుదకు విషయము ఉపాధ్యాయుని చెవిని పడగా ఆ రాత్రిబడి మూతపడెను.

1810 లో అతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ట్రినిటీ కళాశాలలో చేరెను. తాను స్వయముగా నేర్చిన గణితము అక్కడి బోధకులకు తెలిసినదానికంటె ముందుండుట చూచి ఆశాభంగము పొందెను. ఆ కాలమున ఆంగ్లేయులు న్యూటను నందలి గౌరవముచే అతడు వాడిన చుక్కల గుర్తులనే కలనగణితమున పట్టుకొని వ్రేలాడుచుండిరి. ఐరోపా ఖండమందలి పండితులు లైబ్నిట్జు ఏర్పఱచిన గుర్తులతో వేగముగా ముందునకు సాగుచుండిరి. బాబేజియు, అతని మిత్రులగు జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ అనువారును 1812 లో ఒక సంఘమును స్థాపించి ఆ క్రొత్త గుర్తుల ప్రచారమునకు పూనుకొనిరి. మంచి గుర్తు దొఱకినచో కఠినమైన యాలోచన సులభమగునని బాబేజి అప్పుడే గ్రహించెను. ఈ నమ్మకము జీవితాంతము అతనిని వీడలేదు. 1814 లో పట్టము పొందినాడు. ఆ సంవత్సరమే జార్జియానా విట్‌మోర్ అను కన్యను వివాహమాడి లండనులో కాపుర ముండెను. 1816 లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా నెన్నుకొనెను.

ఆనాడు నావికులును, జ్యోతిశ్శాస్త్రజ్ఞులును, బీమా వ్యాపారులును అచ్చుపడిన గణితపట్టికలపై నాధారపడి పనిచేయుచుండిరి. ఆ పట్టికలలో అంకెలను మనుష్యులు లెక్కించుచుండిరి. మనుష్యులు ప్రతులు వ్రాయుచుండిరి. మనుష్యులే అచ్చు కూర్చుచుండిరి. ప్రతి మెట్టునను తప్పులు దొరలుచుండెను. పట్టికలో ఒక్క అంకె తప్పినచో నడిసముద్రమున ఓడ తన స్థానము నెఱుగక ప్రమాదమున పడవచ్చును. 1821 లో బాబేజియు హెర్షెలును ఇద్దఱు లెక్కరులు వేర్వేరుగా సిద్ధపఱచిన పట్టికలను సరిచూచుచు కూర్చుండిరి. ఒక తప్పు వెంట మఱియొక తప్పు బయటపడుచుండగా బాబేజికి విసుగు పుట్టి, ఈ లెక్కలను ఆవిరియంత్రమే చేసిన బాగుండును గదా యని తలపోసెను.

ఆ తలపు గాలిమేడ కాదు. ఫ్రాన్సుదేశమున ద ప్రోనీ అను నింజనీరు అంతకు పూర్వమే పట్టికల తయారీని ఒక కర్మాగారమువలె నడపియుండెను. అతడు తన వారిని మూడు తరగతులుగా విభజించెను. గొప్ప గణితజ్ఞులు ఐదాఱుగురు సూత్రములను నిర్ణయించిరి. ఏడెనిమిదిమంది ఆ సూత్రములను అంకెలలోనికి మార్చిరి. మూడవ తరగతివారు 60 మొదలు 80 మంది వఱకు నుండిరి. వారికి కూడిక, తీసివేత తప్ప మఱేమియు తెలియ నక్కఱలేదు. పట్టికలలో నధికభాగము వారి చేతిమీదనే జరిగెను. ఈ యేర్పాటు తెలిసికొన్న బాబేజికి ఒక విషయము స్పష్టమయ్యెను. ఆలోచన యక్కఱలేని మెట్టు ఏదో విడదీయగలిగినచో ఆ మెట్టును యంత్రమునకు అప్పగింపవచ్చును.

అతడెన్నుకొన్న గణితమార్గము చిన్నపిల్లలకును బోధపడునంతటి సులభమైనది. 1, 4, 9, 16, 25 అను వర్గసంఖ్యలను తీసికొందము. ఒకదానినుండి మఱొకదానిని తీసివేయగా 3, 5, 7, 9 అను భేదములు వచ్చును. ఆ భేదముల భేదము ఎల్లప్పుడును 2 యే. కావున 9 కి 2 కలిపి 11, ఆ 11 ని 25 కు కలిపి 36 పొందవచ్చును. గుణకారముతో పనియే లేదు. కూడిక మాత్రమే యెఱిగిన చక్రములు ఎంత పెద్ద పట్టికనైనను ఇట్లు సిద్ధము చేయగలవు. దీనికి బాబేజి భేదయంత్రమని పేరిడెను. 1822 లో చిన్న నమూనాను చేసి చూపగా పండితులు మెచ్చిరి. 1823 లో ప్రభుత్వము 1,500 పౌనులు మంజూరు చేసెను. జోసెఫ్ క్లెమెంట్ అను నిపుణుడైన పనివాడు నిర్మాణమునకు పూనుకొనెను.

యంత్రమునకు కావలసిన భాగములు ఇంచుమించు 25,000. ఏ చక్రము ఏ క్షణమున కదలవలెను, ఏది కదలినప్పుడు ఏది నిలిచియుండవలెను, దేనివలన ఏది కదలును అను విషయములను మామూలు పటములు తెలుపజాలవు. పటము నిలిచియున్న యంత్రమును చూపునే కాని, నడచుచున్న యంత్రమును చూపదు. అందుచే బాబేజి ఒక క్రొత్త లిపిని కల్పించెను. యంత్రమందలి ప్రతి భాగమునకు నొక అక్షరము. ఒక భాగము మఱొకదానిని కదల్చు విధమునకు నొక గుర్తు. కాలక్రమమును చూపుటకు పొడవైన గీతలు. ఆ కాగితమును చేతబట్టుకొన్నవాడు యంత్రమును కంటితో చూడకయే దాని నడకను ఆద్యంతము చదువుకొనవచ్చును. గడియారము నుదాహరణముగా తీసికొని ఈ పద్ధతిని వివరించుచు 1826 లో నతడు రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. తన కల్పనలలో దీనిని బాబేజి మిక్కిలి గొప్పదానినిగా భావించెను. లోకము దీనిని అంతగా గుర్తింపలేదు.

1827 వ సంవత్సరము అతని పాలిట కాలసర్పమయ్యెను. ఆ యేడు తండ్రి మరణించెను. రెండవ కుమారుడు మరణించెను. భార్య జార్జియానాయు కన్ను మూసెను. తండ్రివలన లక్ష పౌనుల యాస్తి సంక్రమించినను ఇల్లు శూన్యమయ్యెను. మిత్రుల సలహాపై అతడు ఐరోపాయాత్రకు వెడలెను. పోయినచోట నెల్ల కర్మాగారములు, గనులు, పనిపాకలు చూచుచు దుఃఖమును మఱచుటకు యత్నించెను. రోమునగరమున నుండగా 1828 లో తనను కేంబ్రిడ్జిలో గణితాచార్యునిగా నియమించినట్లు వార్త వచ్చెను. ఒకప్పుడు న్యూటను అధిష్ఠించిన పీఠమది. బాబేజి దానిని 1839 వఱకు వహించెను గాని, అక్కడ పాఠములు చెప్పినది లేదు.

స్వదేశమునను, విదేశములలోను కర్మాగారములు చూచి సంపాదించిన జ్ఞానమును 1832 లో అతడొక గ్రంథముగా ప్రకటించెను. యంత్రముల యొక్కయు, వస్తూత్పత్తి యొక్కయు అర్థశాస్త్రమే దాని విషయము. కర్మాగారమును చూడబోవువాడు ఏమి ప్రశ్నింపవలెనో అందొక అధ్యాయమున కలదు. ముందుగానే అచ్చువేసిన పత్రమును వెంట తీసికొనిపోయి ఖాళీలను నింపుకొనవలెనని బాబేజి సలహా యిచ్చెను. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పత్రము. ఆ మెట్టు ఎట్లు జరుగును? ఎందఱు కావలెను? వారు పురుషులా, స్త్రీలా, పిల్లలా? కూలి యెంత? పనిముట్లు ఎవరివి? ఎన్నేండ్లు నేర్చినచో ఆ పని వచ్చును? గంటకు ఎన్నిమార్లు చేయుదురు? వేయింటికి ఎన్ని చెడిపోవును? చెడిన వస్తువుల నష్టము యజమానిదా, పనివానిదా? అన్నిటికంటె ఈ చివరి ప్రశ్నయే మనస్సునకు పట్టునది. చెడిపోవుటను లెక్కింపని వర్ణన అసంపూర్ణమని అతడెఱుగును. పనివానికి తెలియునట్లు గడియారము చేతబట్టి నిలువరాదనియు అతడు హెచ్చరించెను. తన్నొకడు గమనించుచున్నాడని తెలిసినచో మనుష్యుడు మామూలుకంటె వేగముగా పనిచేయును. మగ్గము చప్పుడును దూరమునుండి విని లెక్కించుకొనుట మేలు.

గుండుసూదుల తయారీని అతడు 7 మెట్లుగా విడదీసెను. తీగె లాగుట, దానిని తిన్నగా చేయుట, మొన తీయుట, తలలకై తీగె చుట్టి కత్తిరించుట, తల బిగించుట, కళాయి పూయుట, కాగితమునకు గ్రుచ్చుట అనునవి యవి. ఈ పనిలో 10 మంది పాల్గొందురు. కళాయి పనివానికి దినమునకు 6 షిల్లింగుల కూలి. తల బిగించు స్త్రీకి 1 షిల్లింగు 3 పెన్నీలు. తీగె చుట్టుటలో తోడ్పడు బాలునికి నాలుగున్నర పెన్నీలు మాత్రమే. అన్ని మెట్లును ఒక్క నిపుణుడే చేసినచో, బాలుడు చేయదగిన పనికిని నిపుణుని కూలియే యియ్యవలసివచ్చును. అప్పుడు సూదుల తయారీ ఖర్చు మూడు ముప్పాతిక రెట్లగునని బాబేజి లెక్క తేల్చెను. యజమానులకు ఈ సూత్రము చాల రుచించెను. నాలుగున్నర పెన్నీల బాలుని జీవితము ఆ పట్టికలో ఒక గడి మాత్రమే. అంతకు మించి ఆ పత్రమున చోటు లేదు.

లండనులోని లంబార్డు వీథియందు బ్యాంకులవారు తమలోతాము చెక్కులను పరిష్కరించుకొను గది యొకటి యుండెను. ఆ గదిలో జరుగు పనిని బాబేజి తన గ్రంథమున వర్ణించెను. ఇంచుమించు 30 మంది గుమాస్తాలు అక్షరక్రమమున గోడల వెంబడి బల్లలకడ కూర్చుందురు. ఒక్కొక్కరి ప్రక్కన నొక పెట్టె. తలపై గోడమీద వారి బ్యాంకి పేరు. ఇతర గుమాస్తాలు లోపలికి వచ్చి, వరుసగా నడచుచు, ఏ బ్యాంకి చెల్లింపవలసిన చెక్కులను ఆ బ్యాంకి పెట్టెలో వేసి పోవుదురు. సాయంకాలము ఎవరెవరికి ఎంత బాకీయో తేల్చి, మిగిలిన భేదమును మాత్రమే చెల్లించుకొందురు. దినమునకు సుమారు 25 లక్షల పౌనుల వ్యవహారము తీఱుటకు 2 లక్షల పౌనుల నోట్లును, 20 పౌనుల నాణెములును చాలుచుండెను. ఎవరు వత్తురు, ఏమి తెత్తురు, ఎచట నుంతురు, తుదకేమి తేలును అను నాలుగు విషయములను చెప్పి అతడు ఆ గదిని కన్నులకు కట్టించెను. నేడు బ్యాంకులకును, దుకాణములకును కంప్యూటరు ప్రోగ్రాములు సిద్ధపఱచువారు మొట్టమొదట చేయు పని యిదియే. ఆ పనిలో ఎవరు పాల్గొందురో, ఏ కోరికతో వత్తురో, ఒక్కొక్క మెట్టున నేమి జరుగునో, ఎచట చెడునో వారు ముందుగా కాగితముపై పటముగా గీసికొందురు. పిదపనే యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుదురు.

ఆ గ్రంథము బాగుగా నమ్ముడుపోయెను. తన పుస్తకమునకు కాగితము, అచ్చు, బైండు మున్నగువాని కెంత వ్యయమైనదో, విక్రేతల కెంత లాభమో అతడు అందులోనే ప్రకటించుటచే పుస్తకవ్యాపారులు కొందఱు మండిపడిరి.

ఇంత నేర్పుతో ఇతరుల పనిని చదివినవాడు తన సొంత పనిశాలను చక్కదిద్దుకొనలేకపోయెను. 1832 లో భేదయంత్రమునందలి యొక భాగము సుమారు 2,000 తునుకలతో పూర్తియై చక్కగా నడచెను. పనిశాలను బాబేజి యింటి ప్రక్కకు మార్చవలెనను ప్రస్తావన వచ్చినప్పుడు క్లెమెంటు పరిహారము కోరెను. డబ్బు విషయమున మాటలు పెరిగెను. 1833 లో అతడు పనివారిని తొలగించి నిర్మాణమును ఆపివేసెను. ఆనాటి యాచారము ననుసరించి, ప్రభుత్వధనముతో చేసికొన్న పనిముట్లు కూడ అతనివే యయ్యెను. పనిముట్లు ఎవరివని ఊరివారి కర్మాగారములలో నెల్ల అడుగుమని చెప్పిన బాబేజి, ఈ ప్రశ్నను తన గుమ్మమున సకాలమున వేసికొన్నట్లు లేదు.

ఇంతలో అతని బుద్ధి వేఱొక మహాయంత్రముపై లగ్నమయ్యెను. 1834 మొదలు ఆలోచించిన ఈ విశ్లేషకయంత్రము ఒక్క పనికే కట్టుబడినది కాదు. సంఖ్యలను నిలువయుంచుటకు గాదె, వానిని కూడి గుణించుటకు మర అని అందు రెండు విభాగములు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో రంధ్రములు పొడిచిన అట్టలు తెలుపును. ఈ యట్టలను బాబేజి ఫ్రాన్సుదేశపు జకార్డు మగ్గమునుండి గ్రహించెను. పడుగునూలును ఎచట పై కెత్తవలెనో ఆ మగ్గమునకు అట్టలే చెప్పును. మగ్గ మొకటే, అట్టలు మార్చినచో నేత మాఱును. గణనయంత్రమును నట్లే చేయవచ్చునని అతడు తలంచెను.

ఈ క్రొత్త యంత్రము పాతదానిని మించినదని అతడు పట్టుదలతో చెప్పుటచే ప్రభుత్వమువారికి సందేహము కలిగెను. పాతది ముగియకముందే క్రొత్తది యేల? అప్పటికి ఖజానానుండి 17,000 పౌనులు వ్యయమైయుండెను. 1842 నవంబరులో ప్రధానమంత్రి రాబర్టు పీలును బాబేజి స్వయముగా కలిసికొనెను. యంత్రమువలన దేశమునకు కలుగు ప్రయోజనమును ఓర్పుతో వివరింపవలసిన సమయమున, తనకు జరిగిన యన్యాయములను ఏకరువు పెట్టెను. పీలు కరగలేదు. భేదయంత్రమునకు సహాయము నిలిచిపోయెను. చేసిన భాగములలో పెక్కు తుదకు పాతలోహముగా కరగిపోయెను.

ఆ మఱుసటి సంవత్సరముననే అతనికొక సాటిలేని వ్యాఖ్యాత లభించెను. కవి బైరను కుమార్తె యగు ఎడా లవ్‌లేసు 1833 నుండి అతని యింటికి వచ్చుచుండెడిది. ఇటలీదేశపు మెనబ్రియా అను నింజనీరు విశ్లేషకయంత్రమును గూర్చి ఫ్రెంచిభాషలో వ్రాసిన వ్యాసమును ఆమె ఆంగ్లమునకు మార్చి, మూలముకంటె పెద్దదైన వ్యాఖ్యను చేర్చి 1843 లో ప్రకటించెను. దాని చివర బెర్నూలీ సంఖ్యలను యంత్రము లెక్కించు క్రమము పట్టికగా నున్నది. ఎన్నవ మెట్టు, ఏ క్రియ, ఏ సంఖ్యలపై, ఫలితము ఎచటకు అను విషయములు అందు వరుసగా గడులలో గలవు. యంత్రము లేకయే యంత్రము చేయవలసిన పని యట్లు కాగితముపై సిద్ధమయ్యెను. ఎడా 1852 లో 36 వ యేట రోగపీడితయై మరణించెను.

బాబేజి 1847 మొదలు 1849 వఱకు శ్రమించి రెండవ భేదయంత్రమునకు సంపూర్ణముగా పటములు గీసెను. ఇది మొదటిదానికంటె సరళము. ప్రభుత్వము దీనిని స్వీకరింపలేదు. స్వీడనుదేశమున షాయిట్జు అను తండ్రికొడుకులు బాబేజి భావము నాధారముగా జేసికొని చిన్న యంత్రమును నిర్మించి తెచ్చినప్పుడు అతడు అసూయపడలేదు; వారిని మనఃపూర్వకముగా ఆదరించెను. అతని కుమారుడు హెన్రీ భారతదేశమున బెంగాలు సైన్యమందు ఉద్యోగి. అతడు సెలవుపై స్వదేశమునకు వచ్చి, తండ్రి కల్పించిన గుర్తులలో ఆ స్వీడను యంత్రము నడకను పటములుగా గీసి 1855 లో పండితులకు చూపెను.

వార్ధక్యమున బాబేజి కోపిష్ఠి యయ్యెను. తన యింటిముందు వాద్యములు మ్రోగించు బిచ్చగాండ్రపై యుద్ధము ప్రకటించెను. తన పనికి 165 మార్లు అంతరాయము కలిగినదని లెక్కవ్రాసి ఉంచుకొనెను. పగిలిన 464 కిటికీ అద్దములకు కారణములను వేర్వేరుగా తేల్చి 1857 లో నొక పట్టిక ప్రకటించెను. లెక్కించు అలవాటు మాత్రము అతనిని కడవఱకు విడువలేదు. 1871 అక్టోబరు 18 వ తేదీన లండనులోని తన గృహమున అతడు మరణించెను. అంత్యక్రియలకు వచ్చినవారు కొలదిమంది.

హెన్రీ ఉద్యోగవిరమణ చేసి ఇంగ్లండునకు మరలివచ్చి, మిగిలిన తునుకలతో చిన్న నమూనాలు కూర్చి విద్యాలయములకు పంపెను. వానిలో నొకటి అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరి చాలకాలము మఱుగున పడియుండెను. తరువాత ఆ విశ్వవిద్యాలయముననే పెద్ద గణనయంత్రమును నిర్మింపదలచిన హోవర్డు ఐకెన్ దానిని చూచి ముగ్ధుడయ్యెను. 1991 లో లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలవారు బాబేజి ద్విశతజయంతికి రెండవ భేదయంత్రము గణనభాగమును అతని పటముల ననుసరించి నిర్మించిరి. పటములలో కొన్ని చిన్న తప్పులు కనబడగా సవరించుకొనిరి. 2002 లో అచ్చుభాగమును పూర్తి చేసిరి. 8,000 భాగములతో, 5 టన్నుల బరువుతో నున్న ఆ యంత్రమునకు ఆవిరి యక్కఱలేదు. ఒకడు పిడి త్రిప్పినచో కంచుచక్రముల స్తంభములు అలలవలె వరుసగా కదలి, అంకెకు అంకెను చేర్చి, తప్పులేని పట్టికను అచ్చువేయును.